పర్యావరణ పాఠానికి పనికొచ్చేదేది?
కుప్పలుతెప్పలుగా సమాచారం.. నిగ్గు తేల్చాల్సింది ఉపాధ్యాయులే
కొల్లేరు పాఠమే ఉదాహరణ

ఏలూరు: పర్యావరణ పాఠం చెప్పాలంటే ఒకప్పుడు ఉపాధ్యాయునికి పాఠ్యపుస్తకం, నల్లబల్ల, సుద్దముక్క తప్ప వేరే ఆధారం ఉండేది కాదు. నేడు పరిస్థితి పూర్తిగా మారిపోయింది. చేతిలోని ఫోనులో వెతికితే చాలు వీడియోలు, పోస్టర్లు, చిత్రపటాలు, కృత్యపత్రాలు క్షణాల్లో ప్రత్యక్షమవుతున్నాయి. వాటిలో శాస్త్రసమ్మతమైనవి ఉన్నాయి. కాలం చెల్లినవీ, నోటి మాటగా పుట్టి నిజమై కూర్చున్నవీ, వ్యాపార ప్రయోజనం కోసం అల్లినవీ ఉన్నాయి. కృత్రిమ మేధతో తయారైన చిత్రాలు సైతం అసలైన ఛాయాచిత్రాల్లా చలామణి అవుతున్నాయి. ఈ రాశిలో నుంచి గింజను, పొల్లును వేరుచేసే పని ఉపాధ్యాయునిదే అయింది. తరగతి గదిలో ఒకసారి తప్పుగా నాటుకున్న విషయాన్ని ఆ తరువాత తొలగించడం తేలిక కాదు. అందువల్ల వనరులు ఎక్కడ దొరుకుతాయన్న దానితో పాటు, దొరికిన దానిని ఎలా పరీక్షించాలన్నది కూడా తెలిసి ఉండడం అవసరం.

న్యాయస్థానం ఆదేశంతో..
పర్యావరణాన్ని విద్యలో తప్పనిసరి అంశంగా చేర్చాలని ఎం.సి.మెహతా దాఖలు చేసిన ప్రజాప్రయోజన వ్యాజ్యంలో సుప్రీంకోర్టు 1991 నవంబరు 22న తీర్పు చెప్పింది. దాని అమలు ఆశించినంతగా లేకపోవడంతో 2003 డిసెంబరులో మరోసారి ఆదేశాలిస్తూ, నమూనా పాఠ్యప్రణాళికను రూపొందించే బాధ్యతను జాతీయ విద్యా పరిశోధన, శిక్షణ మండలి (ఎన్‌సీఈఆర్టీ)కి అప్పగించింది. అంతకుముందే 2001-02లో కేంద్ర పర్యావరణ మంత్రిత్వ శాఖ జాతీయ హరిత దళం కార్యక్రమాన్ని ప్రారంభించి, పాఠశాలల్లో పర్యావరణ సంఘాల ఏర్పాటుకు శ్రీకారం చుట్టింది.

అసలు పర్యావరణ విద్య లక్ష్యమేమిటన్నది 1977లో జార్జియాలోని టిబిలిసీ నగరంలో జరిగిన అంతర్జాతీయ సదస్సు స్పష్టం చేసింది. ఎరుక, జ్ఞానం, వైఖరి, నైపుణ్యం, భాగస్వామ్యం అనే ఐదు మెట్లను అది నిర్దేశించింది. మనకు లభించే సామగ్రిలో అధిక భాగం మొదటి రెండు మెట్ల వద్దే ఆగిపోతుంది. భూమి వేడెక్కుతోందని చెబుతుంది. చెట్లు నాటాలంటుంది. విద్యార్థి తన ఊరి చెరువును తానే పరిశీలించి, ఏం జరుగుతోందో తేల్చుకునే నైపుణ్యాన్ని మాత్రం నేర్పదు.

వనరులు ఎక్కడెక్కడ?
ముందుగా వెతకవలసినది ప్రభుత్వ విద్యాసంస్థల వద్దే. ఎన్‌సీఈఆర్టీ పాఠ్యపుస్తకాలు వెబ్‌సైటులో ఉచితంగా లభిస్తాయి. కేంద్ర ప్రభుత్వం 2017లో ప్రారంభించిన దీక్ష వేదికలో తెలుగు సహా పలు భారతీయ భాషల్లో పాఠాలు, వీడియోలు ఉన్నాయి. పాఠ్యపుస్తకంలో ముద్రించిన క్యూఆర్ కోడ్‌ను ఫోనుతో స్కాన్ చేస్తే సంబంధిత పాఠం నేరుగా తెరుచుకుంటుంది.

స్వచ్ఛంద, పరిశోధన సంస్థలది రెండో వరుస. అహ్మదాబాదులో 1984లో ఏర్పాటైన పర్యావరణ విద్యా కేంద్రం (సీఈఈ), చెన్నైలోని సి.పి.ఆర్. పర్యావరణ విద్యా కేంద్రం ఉపాధ్యాయుల కోసం కరదీపికలు, కృత్యాలు రూపొందించాయి. ఢిల్లీలో 1980లో అనిల్ అగర్వాల్ స్థాపించిన శాస్త్ర, పర్యావరణ కేంద్రం (సీఎస్ఈ) హరిత పాఠశాలల కార్యక్రమం ద్వారా ఒక మంచి పద్ధతిని ముందుకు తెచ్చింది. బడిలో ఎంత నీరు, ఎంత విద్యుత్తు వాడుతున్నారు, ఎంత చెత్త పోగవుతోంది అన్నది పిల్లలే లెక్కగట్టి నివేదిక రాస్తారు. ఖర్చేమీ లేని ఈ పనిని ఏ మారుమూల పాఠశాలలోనైనా చేపట్టవచ్చు.

తెలుగులో చదివించదగిన సామగ్రి కావాలనుకునే వారికి జన విజ్ఞాన వేదిక వెలువరించే పిల్లల సైన్సు పత్రిక చెకుముకి చాలాకాలంగా అందుబాటులో ఉంది. ప్రథమ్ బుక్స్ సంస్థ 2015లో ప్రారంభించిన స్టోరీవీవర్ వేదికలో ప్రకృతి, జంతుజాలంపై తెలుగు బాలల కథలు లభిస్తాయి. వాటిని ముద్రించుకోవడానికి, అనువదించుకోవడానికి అనుమతించే స్వేచ్ఛా లైసెన్సు ఉండడం అదనపు సౌలభ్యం. ఇంటర్నెట్‌లో ఉన్నదంతా ఉచితమేనన్న భావన సరికాదు. పిల్లలకు నకళ్లు పంచే ముందు లైసెన్సు షరతు చదవడం మంచిది.

మూడో వరుసలో పిల్లలే సమాచారాన్ని సేకరించే కార్యక్రమాలున్నాయి. బడి ఆవరణలోని చెట్టు ఎప్పుడు చిగురించింది, ఎప్పుడు పూసింది, ఎప్పుడు కాసింది అని వారం వారం నమోదు చేసే సీజన్‌వాచ్ కార్యక్రమంలో దేశవ్యాప్తంగా పాఠశాలలు పాల్గొంటున్నాయి. పక్షులను గుర్తించి నమోదు చేయడానికి ఈ-బర్డ్, జీవవైవిధ్య వివరాలకు ఇండియా బయోడైవర్సిటీ పోర్టల్ ఉన్నాయి. ఇక్కడ విద్యార్థి తానే సమాచారాన్ని సృష్టిస్తాడు. తాను చూసింది ఏమిటో, ఊహించింది ఏమిటో వేరుచేయడం అలవడుతుంది.

అన్నిటికన్నా దగ్గరున్నది, అన్నిటికన్నా తక్కువగా వాడుకుంటున్నది స్థానిక వనరు. అటవీ, భూగర్భ జల, మత్స్య శాఖల కార్యాలయాలు, కృషి విజ్ఞాన కేంద్రాలు, కాలుష్య నియంత్రణ మండలి, గ్రామ పంచాయతీ దస్త్రాలు ఈ కోవలోకి వస్తాయి. ఊళ్లోని వృద్ధులు, జాలర్లు, రైతుల జ్ఞాపకాలూ వనరులే. యాభై ఏళ్ల క్రితం వాగులో నీరు ఏ నెల దాకా పారేదో ఏ వెబ్‌సైటులోనూ దొరకదు. ఆ మాట చెప్పగలవారు బడికి నాలుగు వీధుల అవతలే ఉంటారు.

ఆరు గీటురాళ్లు
దొరికిన సామగ్రి మంచిదో కాదో తేల్చడానికి ఉత్తర అమెరికా పర్యావరణ విద్యా సంఘం 1996లో ఆరు ప్రమాణాలను ప్రకటించింది. ఏ దేశంలోని ఉపాధ్యాయునికైనా ఇవి అక్కరకొచ్చేవే.

మొదటిది నిష్పాక్షికత, కచ్చితత్వం. వాస్తవాలు సరిగా ఉండాలి. భిన్నాభిప్రాయాలున్న చోట అన్ని వాదనలూ కనిపించాలి. రెండోది లోతు. ఒక సమస్య వెనుక ఉన్న ప్రకృతి, ఆర్థిక, సామాజిక కారణాలను కలిపి చూపాలి. మూడోది నైపుణ్యాల సాధన. ప్రశ్నించడం, కొలవడం, పోల్చడం నేర్పాలి. నాలుగోది కార్యాచరణ. తెలుసుకున్న దానితో విద్యార్థి తన పరిధిలో ఏదైనా చేయగలగాలి. ఐదోది బోధనా యోగ్యత. వయసుకు, తరగతికి తగినట్లుండాలి. ఆరోది వినియోగ సౌలభ్యం. మన బడిలో ఉన్న వసతులతో అమలు చేయగలిగినదై ఉండాలి. ప్రొజెక్టరు ఉంటే తప్ప సాగని పాఠం ప్రొజెక్టరు లేని పాఠశాలకు ఎంత మంచిదైనా నిరుపయోగమే.

కొల్లేరుపై కొలిచి చూస్తే..
ఈ ప్రమాణాలు ఆచరణలో ఎలా పనిచేస్తాయో తెలుసుకోవడానికి మన ముంగిట ఉన్న కొల్లేరు సరస్సే చక్కని ఉదాహరణ. దీనిపై పాఠం చెప్పదలచి ఉపాధ్యాయుడు సామగ్రి కోసం వెతికాడనుకుందాం. మొదట కనిపించే వాక్యం ‘ఆసియాలోనే అతి పెద్ద మంచినీటి సరస్సు’. వినడానికి గర్వంగా ఉండే ఈ మాట అనేక వ్యాసాల్లో, వీడియోల్లో ఒకదాని నుంచి ఒకటి ఎక్కించుకున్నదే. ప్రపంచ పటం తెరిస్తే విషయం తేలిపోతుంది. రష్యాలోని సైబీరియాలో ఉన్న బైకాల్ సరస్సు ఆసియా ఖండంలోనిదే. అదీ మంచినీటి సరస్సే. దాని విస్తీర్ణం సుమారు 31,500 చదరపు కిలోమీటర్లు. కొల్లేరు దేశంలోని పెద్ద మంచినీటి సరస్సుల్లో ఒకటి అనడమే సబబు. దాని ప్రాముఖ్యానికి అంతకు మించిన బిరుదు అక్కర్లేదు.

తరువాతి చిక్కు విస్తీర్ణం దగ్గర వస్తుంది. ఒకచోట 308 చదరపు కిలోమీటర్లని, మరోచోట 901 చదరపు కిలోమీటర్లని ఉంటుంది. ఏదో ఒకటి తప్పని కొట్టివేయడానికి లేదు. సముద్ర మట్టానికి ఐదు అడుగుల ఎత్తు వరకు, అంటే +5 కాంటూరు వరకు ఉన్న ప్రాంతాన్ని 1999లో వన్యప్రాణి అభయారణ్యంగా ప్రకటించారు. దాని విస్తీర్ణం 308 చదరపు కిలోమీటర్లు. 2002లో అంతర్జాతీయ ప్రాధాన్యం గల చిత్తడి నేలగా రామ్‌సర్ జాబితాలో చేరినప్పుడు +10 కాంటూరు వరకు లెక్కించారు. అది 90,100 హెక్టార్లు, అంటే 901 చదరపు కిలోమీటర్లు. సరస్సు ఒకటే, కొలిచిన గీత వేరు. ఈ తేడాను దాచకుండా తరగతిలో చర్చకు పెడితే, అంకె కనిపించగానే ‘ఇది దేనిని కొలిచింది?’ అని అడగడం పిల్లలకు అలవాటవుతుంది.

మూడోది కాలం. పాత పుస్తకాల్లో కొల్లేరు పశ్చిమ గోదావరి, కృష్ణా జిల్లాల మధ్య ఉన్నట్లు రాసి ఉంటుంది. 2022 ఏప్రిల్ 4న జిల్లాల పునర్విభజన జరిగాక సరస్సులో అధిక భాగం ఏలూరు జిల్లాలోకి వచ్చింది. పక్షుల కేంద్రంగా పేరొందిన ఆటపాక ఉన్న కైకలూరు మండలం సైతం కృష్ణా జిల్లా నుంచి ఏలూరు జిల్లాకు మారింది. అలాగే దేశంలో రామ్‌సర్ ప్రాంతాలు 26 అని ఏదైనా పోస్టరు చెబితే అది పాతదని గ్రహించాలి. ఆ సంఖ్య 2022 ఆగస్టు నాటికి 75కు, 2024 ఆగస్టు నాటికి 85కు పెరిగింది.

నాలుగోది లోతు. కొన్ని వీడియోలు కొల్లేరును పక్షుల విడిదిగా మాత్రమే చూపుతాయి. గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగల దృశ్యాలతో కార్యక్రమం ముగుస్తుంది. ఇది సగం పాఠమే. కృష్ణా, గోదావరి డెల్టాల నడుమ ఉన్న ఈ పల్లపు ప్రాంతం బుడమేరు, తమ్మిలేరు వంటి వాగుల వరదను తనలో ఇముడ్చుకుని, ఉప్పుటేరు ద్వారా నెమ్మదిగా బంగాళాఖాతానికి పంపుతుంది. 2024 సెప్టెంబరులో బుడమేరు ఉప్పొంగి విజయవాడ నగరంలోని కాలనీలు రోజుల తరబడి నీట మునిగిన సంగతి పిల్లలకు గుర్తుండే ఉంటుంది. ఆ వాగు చివరకు చేరేది కొల్లేరుకే. సరస్సుకు, నగర వరదకు ఉన్న సంబంధాన్ని వివరించే సామగ్రే లోతున్న సామగ్రి.

ఎవరి పక్షం?
అన్నిటికన్నా సున్నితమైనది నిష్పాక్షికత. కొల్లేరులో చేపల చెరువులు విస్తరించడం వల్ల నీటి ప్రవాహానికి అడ్డంకులు ఏర్పడ్డాయి. సహజ చిత్తడి నేల తగ్గింది. సుప్రీంకోర్టు ఆదేశాల మేరకు 2006లో అభయారణ్యం పరిధిలోని చెరువుల గట్లను అధికారులు తొలగించారు. మరోవైపు, 1970ల్లో మత్స్యకారుల సహకార సంఘాలకు చెరువులు ఏర్పాటు చేసి ఇచ్చింది ప్రభుత్వమే. అభయారణ్యం పరిధిని +5 నుంచి +3 కాంటూరుకు కుదించాలని 2008లో ఉమ్మడి రాష్ట్ర శాసనసభ తీర్మానించింది. లంక గ్రామాల జీవనోపాధి ఈ వివాదంతో ముడిపడి ఉంది.

చేపల రైతులే దోషులని తేల్చేసే పాఠం సులువుగా దొరుకుతుంది. సరస్సుకు ఏ ముప్పూ లేదనే ప్రచార సామగ్రి కూడా దొరుకుతుంది. రెండూ తరగతి గదికి తగినవి కావు. బెంచీపై కూర్చున్న పిల్లల్లో చెరువు గట్టున కాపలా కాసే కూలీ బిడ్డ ఉంటాడు. బొచ్చె, శీలావతి సాగు చేసే రైతు బిడ్డ ఉంటాడు. వల వేసి కొర్రమీను, జెల్ల పట్టుకుని బతికే కుటుంబం బిడ్డా ఉంటాడు. తన తండ్రిని దోషిగా నిలబెట్టిన పాఠాన్ని ఏ బిడ్డా మనసులోకి తీసుకోడు. అలాగని సరస్సు కుంచించుకుపోయిన వాస్తవాన్ని దాచడం ఉపాధ్యాయ ధర్మం కాదు. జరిగిన దానిని ఏళ్లతో సహా వరుసగా చెప్పి, ఎవరి వాదన ఏమిటో వినిపించి, నీరు ఎటు పారుతోందో పటంపై చూపితే పిల్లలు తమంతట తామే ఆలోచించగలుగుతారు.

తరచూ ఎదురయ్యే పొరపాట్లు
పర్యావరణం పేరిట ప్రచారంలో ఉన్న కొన్ని మాటలను ఉపాధ్యాయులు ప్రత్యేకంగా కనిపెట్టి ఉండాలి. రావిచెట్టు రాత్రివేళ కూడా ప్రాణవాయువు విడుదల చేస్తుందన్నది అందులో ఒకటి. కిరణజన్య సంయోగక్రియలో ప్రాణవాయువు వెలువడాలంటే వెలుతురు ఉండాలి. రాత్రిపూట ఏ చెట్టయినా శ్వాసక్రియలో ప్రాణవాయువును తీసుకుని బొగ్గుపులుసు వాయువును వదులుతుంది.

ఓజోన్ పొర చిల్లు వల్లనే భూమి వేడెక్కుతోందన్నది మరొకటి. ఓజోన్ పొర దెబ్బతినడానికి శీతలీకరణ యంత్రాల వంటి వాటిలో వాడిన క్లోరోఫ్లోరోకార్బన్లు ప్రధాన కారణం. 1987 నాటి మాంట్రియల్ ఒప్పందంతో వాటి వాడకం తగ్గి, పొర క్రమంగా కోలుకుంటోంది. భూతాపానికి మూలం ప్రధానంగా బొగ్గు, చమురు దహనంతో పెరుగుతున్న బొగ్గుపులుసు వాయువు. పారిశ్రామిక విప్లవానికి ముందు గాలిలో పది లక్షల పాళ్లకు సుమారు 280 పాళ్లున్న ఈ వాయువు 2024 నాటికి 420 దాటింది. 380 అని చెప్పే చార్టు ఇరవై ఏళ్ల నాటిదని అర్థం.

సెల్ టవర్ల వల్లే పిచ్చుకలు అంతరించాయన్న ప్రచారం సంగతీ అంతే. 2020లో వెలువడిన భారత పక్షుల స్థితి నివేదిక ప్రకారం దేశం మొత్తం మీద పిచ్చుకల సంఖ్య స్థూలంగా నిలకడగానే ఉంది. పెద్ద నగరాల్లో మాత్రం తగ్గుతోంది. టవర్ల తరంగాలే కారణమనడానికి ఆధారాలు లభించలేదు. గూళ్లకు చోటు కరవవడం, పిల్లలకు మేతగా పెట్టే పురుగులు తగ్గడం వంటివి కారణాలు కావచ్చు. ఇలాంటి విషయంలో ఊళ్లో పిచ్చుకలను లెక్కించమని పిల్లలను పురమాయిస్తే వాదోపవాదాల కన్నా ఎక్కువ మేలు జరుగుతుంది.

తేదీ చూడండి
చట్టాలు, నిబంధనలకు సంబంధించిన సామగ్రిలో ప్రచురణ సంవత్సరం లేకపోతే దానిని వాడకపోవడమే క్షేమం. ప్లాస్టిక్ సంచుల మందం ఇందుకు నిదర్శనం. 1999 నిబంధనల్లో కనీస మందం 20 మైక్రాన్లు. 2011లో అది 40కి, 2016లో 50కి పెరిగింది. 2021 సెప్టెంబరు 30 నుంచి 75 మైక్రాన్లు, 2022 డిసెంబరు 31 నుంచి 120 మైక్రాన్లు అయింది. ఈ ఐదు దశల్లో ఏ దశలో ముద్రించిన పోస్టరైనా ఆనాటికి సరైనదే. గోడకు వేలాడుతున్నంత కాలం మాత్రం అది సరైనది కాదు.

ముద్రించిందెవరన్నది కూడా చూడాలి. ప్లాస్టిక్‌పై కరపత్రాన్ని ప్లాస్టిక్ తయారీదారులు, శీతల పానీయాలపై పుస్తకాన్ని ఆ పానీయాల కంపెనీ అచ్చువేస్తే అందులోని ప్రతి వాక్యం అబద్ధమని అనలేం. ఏది చెప్పారో దాని కన్నా ఏది చెప్పకుండా వదిలేశారో గమనించాలి. చెత్తను పారవేసిన పౌరుడిని తప్పుపట్టి, చెత్తను ఉత్పత్తి చేసిన వారి ప్రస్తావన తేకపోతే ఆ పాఠం అసంపూర్ణం. స్వచ్ఛంద సంస్థల ప్రచురణలకు, ప్రభుత్వ ప్రచారానికి కూడా ఇదే కొలబద్ద వర్తిస్తుంది.

మన మాటల్లో ఉంటేనే..
తెలుగులో ఉన్నంత మాత్రాన సామగ్రి తెలుగు పిల్లలకు చేరుతుందన్న హామీ లేదు. యంత్రానువాదంతో వచ్చిన పాఠాల్లో నోరు తిరగని పదాలు, అర్థం తలకిందులైన వాక్యాలు కనిపిస్తున్నాయి. వాటర్ హయసింత్ వంటి పరాయి పేర్లను బట్టీ పట్టించే కన్నా గుర్రపుడెక్క అంటే కొల్లేరు ప్రాంతంలో ప్రతి బిడ్డకూ తెలుస్తుంది. అది దక్షిణ అమెరికా నుంచి వచ్చిన మొక్క అని, నీటిపై దట్టంగా పరచుకుని వెలుతురును అడ్డుకుంటుందని ఆపైన చెప్పవచ్చు. కిక్కిస, మట్టగిడస, గూడబాతు వంటి స్థానిక నామాలను పిల్లల చేతనే సేకరింపజేసి, పక్కన శాస్త్రీయ నామం రాయిస్తే బడికి సొంత నిఘంటువు తయారవుతుంది.

పాఠానికి ముందు పది నిమిషాలు
ఏ వనరునైనా తరగతికి తీసుకువెళ్లే ముందు ఈ ప్రశ్నలు వేసుకుంటే చాలావరకు పొరపాట్లు తప్పుతాయి.

* తయారు చేసింది ఎవరు? వారికి ఇందులో ప్రయోజనం ఏమిటి?
* ఏ సంవత్సరంలో తయారైంది? ఆ తరువాత చట్టం, అంకెలు, జిల్లా సరిహద్దులు మారాయా?
* ముఖ్యమైన అంకెను కనీసం మరొక స్వతంత్ర ఆధారంతో సరిచూశామా?
* ఒకే వాక్యం పది చోట్ల ఉంటే అది పది ఆధారాలా, లేక ఒకే దానికి పది నకళ్లా?
* భిన్నాభిప్రాయం ఉన్న చోట రెండో వైపు వినిపిస్తోందా?
* మన ఊరి నేల, నీరు, పంట, పక్షికి ఇందులో చోటుందా?
* విద్యార్థి స్వయంగా చూసి, కొలిచి, సరిచూసుకోగలిగినది ఏమైనా ఉందా?
* మన బడిలో ఉన్న సమయం, సామగ్రి, భద్రతతో దీనిని చేయగలమా? చెరువు, కాలువ వద్ద పరిశీలన అయితే పెద్దలు తోడున్నారా?

అన్నిటికీ అనుకూలమైన జవాబులే వచ్చే వనరు అరుదు. లోపమున్న వనరును పారవేయనవసరం లేదు. ‘ఇందులో తప్పేమిటో కనిపెట్టండి’ అని పై తరగతుల పిల్లలకు ఇస్తే అదే మంచి కృత్యమవుతుంది.

కలిసి చేస్తే భారం తగ్గుతుంది
ఈ పరిశీలన అంతా ఒక్క ఉపాధ్యాయుడే చేయడం కష్టం. ఇద్దరు ముగ్గురు ఉపాధ్యాయులే ఉన్న ప్రాథమిక పాఠశాలలో అన్ని తరగతులు, అన్ని సబ్జెక్టులు చూసుకుంటూ ప్రతి వీడియోనూ గాలించడానికి తీరిక ఉండదు. పాఠశాల సముదాయ సమావేశాలను ఇందుకు వేదికగా మలచుకోవచ్చు. ఒక్కో ఉపాధ్యాయుడు ఒక్కో అంశాన్ని ఎంచుకుని, తాను పరీక్షించిన వనరుల జాబితాను ఒక పేజీలో రాసి తెస్తే ఏడాది తిరిగేసరికి మండలానికి సరిపడే సంకలనం సిద్ధమవుతుంది. అందులో ఏది బాగుందో దానితో పాటు, ఏది ఎందుకు పనికిరాలేదో కూడా రాయాలి. తోటివారికి ఎక్కువ సమయం ఆదా చేసేది ఆ రెండో భాగమే.

జూన్ 5న ప్రపంచ పర్యావరణ దినోత్సవం, ఫిబ్రవరి 2న ప్రపంచ చిత్తడి నేలల దినోత్సవం ఏటా వస్తాయి. ర్యాలీ, వ్యాసరచన పోటీతో ఆ రోజులు గడిచిపోవడం పరిపాటి. ఆ రెండు తేదీలకైనా ప్రతి పాఠశాల సరిచూసిన ఒక స్థానిక పాఠాన్ని సిద్ధం చేసుకోగలిగితే, రేపు కొల్లేరు గురించి నిర్ణయాలు తీసుకోబోయే తరం పుకార్లపై కాక వాస్తవాలపై ఆధారపడి మాట్లాడగలుగుతుంది.